నా బిడ్డ పేరెందుకు మార్చిన్రు

భద్రాచలంలో మా ఆఫీసు రెండు గదుల అద్దె ఇల్లు. ముందు గదిలో బల్ల, నాలుగు కుర్చీలు, అప్పుడప్పుడు పనిచేసే కంప్యూటర్ ఉండేవి. వెనక గదిలో డప్పులు, మైకు సెట్టు, చుట్టలు చుట్టి పెట్టిన గుడ్డ బ్యానర్లు. ఆడవాళ్ల మీద, ఆడపిల్లల మీద జరిగే హింస ఆగాలని ఊరూరా తిరిగి చెప్పే చిన్న సంస్థ మాది. నియామక పత్రంలో నా ఉద్యోగం పేరు చాలా పొడుగ్గా ఉండేది కానీ, చేసేదంతా మాటల పనే. గోడల మీద రాయించే నినాదాలు, కరపత్రాలు, కళాజాత వాళ్లు ఆడే నాటిక, పత్రికలకు పంపే వార్తలు, హైదరాబాద్ ఆఫీసుకు పంపే రిపోర్టులు అన్నీ నేనే రాసేదాన్ని. చెప్పేవాళ్లు లేనప్పుడు మైకు కూడా నేనే పట్టుకునేదాన్ని. గృహహింస చట్టం కొత్తగా వచ్చిన రోజులవి. ఆ చట్టంలో ఏముందో పొద్దున మేం చదువుకుని, సాయంత్రం ఊళ్లలో చెప్పేవాళ్లం.

నాది కుసుమంచి దగ్గర ఒక ఊరు. చిన్నప్పుడు మా పక్కింట్లో భర్త చేతిలో దెబ్బలు తినే ఒకామె ఉండేది. ఆమె ఏడుపు వినిపించగానే మా నాన్న లేచి వెళ్లి రేడియో సౌండు పెంచేవాడు. మా నాన్న చెడ్డవాడు కాదు, మా అమ్మ మీద ఏనాడూ చెయ్యెత్తలేదు. పిల్లలు వినకూడదని అలా చేసేవాడు. వీధిలో మిగతా ఇళ్లవాళ్లు తలుపులు వేసుకునేవాళ్లు. ఖమ్మంలో డిగ్రీ అయ్యాక ఈ ఉద్యోగం సంగతి తెలిసి, ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు "ఈ పనిలోకి ఎందుకు రావాలనుకుంటున్నావు" అని అడిగారు. నేను ఆ రేడియో సంగతే చెప్పాను. అడిగినామే మా ఆఫీసు నడిపే మనిషి. అందరం అక్క అనేవాళ్లం. జుట్టు సగం నెరిసింది, కోపం తొందరగా వచ్చేది, ఊళ్లలో మాత్రం ఎవరింటి గడపలోనైనా కూర్చుని వాళ్లు పెట్టింది తినేది.

ఒక ఎండాకాలం, తునికాకు కోత మొదలవబోయే ముందు, చర్ల రోడ్డులో అడవి అంచున ఉన్న ఒక సంతలో మా నాటిక వేశాం. భర్త చేతిలో దెబ్బలు తిని చనిపోయే భార్య కథ అది. ఎండుచేపల వాళ్లు, గాజుల వాళ్లు, ఇప్పపువ్వు గంపలతో వచ్చిన వాళ్లు చుట్టూ మూగారు. ఆట అయిపోయాక జనం చెదిరిపోయారు. మా వాళ్లు వైర్లు చుట్టుకుంటుంటే ఒకామె వచ్చి నా పక్కన నిలబడింది. నలభై దాటి ఉంటుంది. చంకలో ఖాళీ గంప. చింతపండు అమ్ముకోవడానికి వచ్చిందని తర్వాత తెలిసింది.

"మేడం, గీ మైకుల నా బిడ్డ సంగతి చెప్తరా?" అంది.

"ఏమైంది పెద్దమ్మా మీ బిడ్డకి?"

"సచ్చిపోయింది. మొగడు కొట్టి సంపిండు. కాలువల పడి సచ్చిందని అందరికి చెప్పిండు." చంకలో గంప సర్దుకుని, "మీరు ఆటల ఎవల్నో చూపిచ్చిన్రు గదా. గా పిల్లకు పేరు పెట్టిన్రు. నా బిడ్డకు గూడ పేరుంది. ఆ పేరు పెట్టి చెప్పున్రి" అంది.

మైకు అప్పటికే పెట్టెలో పెట్టేశారు. అక్క ఆమెను ఇప్పచెట్టు కింద కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. ఆమె చెప్పడం మొదలుపెట్టింది.

ఆమెది కోయ గూడెం. కూతురు పసిపిల్లగా ఉన్నప్పుడే భర్త జ్వరంతో పోయాడు. తునికాకు కోసి, ఇప్పపువ్వు ఏరి, కూలికి పోయి ఆ ఒక్క పిల్లనూ పెంచింది. గోదావరి అవతల, అశ్వారావుపేట దగ్గర పామాయిల్ తోటల్లో ట్రాక్టర్ నడిపే కుర్రాడికి ఇచ్చి చేసింది. వాళ్ల మనుషులే, తెలిసిన సంబంధమే. గెలలు మిల్లుకు తోలే పని, పని ఉన్న మనిషి అనుకున్నారు. వాడికి అనుమానం. తోటలో పక్కన పనిచేసే వాళ్లతో మాట్లాడినా, బస్సులో ఎవరైనా జరిగి చోటిచ్చినా ఇంటికెళ్లాక దెబ్బలే. మొదటిసారి పిల్ల వాచిన చేత్తో పుట్టింటికి వస్తే పెద్దమనుషులు కూర్చుని మాట్లాడి పంపారు. రెండోసారి చంకలో కూతుర్ని వేసుకుని వచ్చింది.

"నేను పోనే, అవ్వా, అన్నది" అని చెప్పిందామె. "నేనే ఇనలే. ఆడిపిల్ల ఉన్నది, తండ్రి లేకుంట ఎట్ల పెరుగుతది అన్న. బస్సు నేనే ఎక్కిచ్చిన. కిటికీల కెల్లి నాదిక్కు జూస్తనే పోయింది."

ఆ తర్వాత కబురొచ్చింది. ఈమె వెళ్లేసరికి కూతురు దవాఖానాలో ఉంది, మాట లేదు. మర్నాడు పోయింది. స్నానం చేయించేటప్పుడు వీపు చూసింది. కాలువలో పడ్డ మనిషి వీపు మీద అలాంటి వాతలు ఉండవని ఆమెకు తెలుసు, అక్కడున్న ఆడవాళ్లందరికీ తెలుసు. దవాఖానా నుంచి పోలీసులకు కబురు వెళ్లడంతో కేసయితే పెట్టారు. దాన్ని పట్టించుకుని తిరిగేవాళ్లే లేరు. మనవరాలు తండ్రి దగ్గరే ఉండిపోయింది.

ఇదంతా చెబుతున్నంతసేపూ ఆమె ఏడవలేదు. గంప అంచున ఊడివచ్చిన వెదురు పేడును వేలితో సరిచేస్తూ చెప్పింది.

అక్క ఆ వారమే లాయరును మాట్లాడింది. కేసు కదిలింది. వాడిని అరెస్టు చేశారు, కొన్నాళ్లకు బెయిలు మీద వచ్చాడు. ఈలోగా ఆమె మాతో మీటింగులకు రావడం మొదలుపెట్టింది. మేం పిలవలేదు. ఎక్కడ మీటింగని కనుక్కుని ఆటో ఎక్కి వచ్చేసేది. మొదటిసారి మైకు చేతికిచ్చినప్పుడు దాన్ని నోటికి దూరంగా, పాముని పట్టుకున్నట్టు పట్టుకుంది. రెండు మూడు ఊళ్లయ్యాక అలవాటైంది.

ఆమె ఏం చెప్పేదంటే, చావు గురించి ఎక్కువ చెప్పేది కాదు. తన కూతురికి వెదురు కొమ్ముల కూరంటే ఎంతిష్టమో చెప్పేది. చెట్టెక్కి తునికి పళ్లు కోసి ఒడిలో వేసుకుని దిగేదని, పాటలు తప్పు తప్పుగా పాడేదని చెప్పేది. వినేవాళ్లలో నవ్వు కూడా వచ్చేది. అప్పుడు బస్సు సంగతి, ఆ వీపు సంగతి చెప్పేది. చివర్న ఒకటే మాట, "ఇంటికొచ్చిన బిడ్డను తోలకున్రి" అని మైకు నా చేతికిచ్చేసేది.

ఒక ఊళ్లో ఆమె కూర్చున్నాక ఒక నడివయసు మగమనిషి తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయాడు. వెనక నుంచి ఒకామె వచ్చి, ఏమీ అనకుండా ఈమె చెయ్యి పట్టుకుని పక్కన కూర్చుంది. ఆ తర్వాత మేం గోడల మీద పాత నినాదాలు మానేసి ఆ మాటే రాయించాం. ఎర్రరంగుతో, పెద్ద అక్షరాలతో. చర్ల రోడ్డు పొడుగునా ఎన్నో గోడల మీద కొన్నేళ్లపాటు ఆ మాట ఉండేది.

ఊళ్లలో చెప్పేటప్పుడు ఆమె కూతురి పేరు చెప్పేది. అచ్చులో మాత్రం అలా కుదరదు. దెబ్బలు తిన్నవాళ్ల పేర్లు, చనిపోయినవాళ్ల పేర్లు బయటపెట్టకూడదని మాకు నియమం. కోర్టులో కేసు నడుస్తుండగా అసలే వద్దని లాయరు చెప్పాడు. ఆ సంవత్సరం మేం వేసిన చిన్న పుస్తకంలో ఆమె కూతురి కథ నేనే రాశాను. ఒక పేరు పెట్టి, కింద చిన్న అక్షరాల్లో 'పేరు మార్చాం' అని వేశాం.

పుస్తకం అచ్చయ్యాక నేనే ఆమెకు ఒకటిచ్చాను. ఆమెకు చదువు రాదు. గూడెంలో బడికెళ్లే ఒక పిల్లతో చదివించుకుంది. మర్నాడు పొద్దున్నే, మేం ఆఫీసు తాళం తీసేసరికి వాకిట్లో కూర్చుని ఉంది.

లోపలికి రాగానే పుస్తకం బల్ల మీద పెట్టి, "గిది ఎవల బిడ్డ?" అంది.

"మీ బిడ్డే పెద్దమ్మా."

"నా బిడ్డ కాదు. నా బిడ్డ పేరు గిది కాదు. నా బిడ్డ పేరెందుకు మార్చిన్రు?"

నేను నియమం సంగతి చెప్పాను. ఆమె వింది. విన్నాక అడిగింది, "తప్పు జేసినోని పేరు దాస్తరా, సచ్చిపోయినదాని పేరు దాస్తరా?"

"ఇద్దరి పేర్లూ రాయలేదు పెద్దమ్మా. కేసు తేలేదాకా..."

"బతికున్నప్పుడు ఆ ఇంట్ల దాన్ని పేరు పెట్టి పిలిసినోడు లేడు. ఏమే అనుడు, లంజె అనుడు. సచ్చినంక మీరు గూడ పిలవకపోతిరి."

అక్క వచ్చి ఆమె పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. "నీ మనవరాలు రేపు బడికి పోతది. ఈ పుస్తకం బడులకు గూడ పోతది. పిల్లలు దాన్ని పట్టుకుని మీ అమ్మ గట్ల సచ్చిందట గదా అంటే, గా పసిది తట్టుకుంటదా?" అని నెమ్మదిగా అడిగింది.

మనవరాలి మాట రాగానే ఆమె ముఖం మారిపోయింది. కూతురు పోయాక ఆ పిల్లను ఆమె చూడనేలేదు. వెళ్తే గేటు దగ్గరే తిప్పి పంపేవాళ్లు. చాలాసేపు పుస్తకం మీద బొమ్మ చూస్తూ కూర్చుంది. ఆఖరికి, "సరే. గానీ మీరు పెట్టిన గీ పేరు నాకొద్దు. నేను చెప్త, గది పెట్టున్రి" అని తన తల్లి పేరు చెప్పింది. రెండోసారి అచ్చు వేసినప్పుడు ఆ పేరే వేశాం.

ఆ రెండు పేర్లూ నేను ఇక్కడ కూడా రాయడం లేదు. ఆ మనవరాలు ఇప్పుడు పెద్దదై ఉంటుంది, చదువుకుని ఉంటుంది. ఆమె చేతికి ఏ కాగితం ఎప్పుడు వస్తుందో ఎవరికి తెలుసు.

కేసు విచారణకు వచ్చే ముందు సంగతి ఇది. ఒకరోజు భద్రాచలం బస్టాండులో ఆమె నాకు ఎదురుపడింది. నాకోసమే వచ్చిందట. ఆఫీసుకు రాకుండా బస్టాండులో ఎందుకు నిలబడిందో నాకు అర్థం కాలేదు. పక్కన ఆమె తమ్ముడు ఉన్నాడు. అతను నాకు నమస్కారం పెట్టి, బీడీ కాల్చుకోవడానికి అవతలికి వెళ్లిపోయాడు.

"అల్లుని తరపు పెద్దమనిషి వచ్చిండు బిడ్డా, మా తమ్మునింటికి" అంది. అప్పటికి నన్ను మేడం అనడం మానేసి చాలా రోజులైంది. "పిల్లను నాకిస్తరంట. నాతాన్నే పెంచుకొమ్మన్నరు."

"మంచిదే కదా పెద్దమ్మా!"

"కోర్టుల నేను చెప్పొద్దంట. కొట్టుడు సంగతి నా బిడ్డ నాకు చెప్పలేదనాల్నంట. మీ మీటింగులకు గూడ పోవద్దంట."

బస్సుల హారన్లు, పల్లీల వాళ్ల కేకలు. ఆమె నా మోచేయి పట్టుకుని ఉంది.

"ఆ పిల్లను ఆళ్ల నాయనమ్మ సూస్తలేదంట. తల కూడ దువ్వరంట. అంగన్‌వాడి టీచరు చెప్పింది. జబ్బుతోటి ఉంటే గూడ తోటకాడికే తీస్కపోతడంట, ట్రాక్టర్ల కూసోబెట్టుకుని." ఆపై అడిగింది, "నువ్వయితే ఏం జేస్తవు బిడ్డా?"

నాకు అప్పటికి పెళ్లి కాలేదు. పిల్లల్ని కన్న మనిషి బాధ నాకేం తెలుసు? సాక్ష్యం చెప్పమని అనడానికి నోరు రాలేదు, చెప్పొద్దు అనడానికీ రాలేదు. ఆమెను అక్క దగ్గరికి తీసుకెళ్లాను. అక్క లాయరుకు ఫోను చేసింది. పిల్ల కోసం వేరే కేసు వేయొచ్చని, కాని తండ్రి బతికుండగా అది తేలడానికి చాలాకాలం పడుతుందని, అప్పటికి పిల్ల అమ్మమ్మను గుర్తుపడుతుందో లేదో అని అతను ఉన్నమాట చెప్పాడు. అక్క ఫోను పెట్టేసి, "నువ్వేం చేసినా మేం నిన్ను తప్పు పట్టం" అంది. ఆమె తల ఊపి, తమ్ముడితో కలిసి బస్సెక్కి వెళ్లిపోయింది. ఏం చేస్తానో మాకు చెప్పలేదు.

కోర్టుకు మేం పొద్దున్నే వెళ్లాం. వరండాలో అల్లుడి వాళ్లు ఒక పక్క నిలబడి ఉన్నారు. వాళ్లతో పాటు పిల్ల. పచ్చ గౌను వేశారు, నూనె పెట్టి తల దువ్వారు, కళ్లకు కాటుక పెట్టారు. నాలుగేళ్లుంటాయేమో. ఎవరి వేలూ పట్టుకోకుండా స్తంభానికి ఆనుకుని బొటనవేలు చీకుతోంది. ఆ పిల్లను అక్కడికి ఎందుకు తెచ్చారో చూడగానే అర్థమైంది. అక్క నా వైపు చూసింది.

ఆమెను పిలిచారు. బోనులో నిలబడింది. ప్రభుత్వ వకీలు ఆమెకు అర్థమయ్యేలా నిదానంగానే అడిగాడు. నీ కూతురు నీ దగ్గరికి వచ్చినప్పుడు భర్త కొడుతున్నాడని చెప్పిందా?

"చెప్పలే."

మరి ఎందుకు వచ్చింది?

"పండక్కొచ్చింది."

ఒంటి మీద దెబ్బలు చూశావా?

ఆమె చేతులు బోను కర్ర మీద ఉన్నాయి. ఎన్ని ఊళ్లలో మైకు పట్టుకుని ఆ వీపు గురించి చెప్పిందో నేను విన్నాను. వాతలు ఎక్కడ ఉన్నాయో తన వీపు మీద చెయ్యి పెట్టి చూపించేది.

"నేను సూడలే సారూ. కాలువ గట్టు మీద జారి పడ్డదన్నరు. నాకు గదే తెలుసు."

ముందు పోలీసులకు వేరేగా చెప్పావు కదా అని వకీలు అడిగాడు. నాకు తెలియదు, ఏడుపులో ఏమన్నానో గుర్తులేదు అంది. అంతే. కిందికి దిగేటప్పుడు మెట్టు తప్పి, తూలి, నిలదొక్కుకుంది.

బయటికొచ్చాక ఆమె మా వైపు రాలేదు. నేరుగా స్తంభం దగ్గరికి వెళ్లి పిల్ల ముందు గొంతుక్కూర్చుంది. పిల్ల బెదిరి వెనక్కి జరిగింది. ఆమె కొంగుముడి విప్పి తునికి పళ్లు తీసింది. అప్పుడే రాలిన పళ్లు కాదు, దారిలో నలిగి మెత్తబడ్డాయి. ఒకటి తొక్క తీసి చేతిలో పెట్టింది. పిల్ల కాసేపు చూసి, తీసుకుని తింది. ఇంకొకటి పెట్టింది. మూడోదానికి పిల్లే చెయ్యి చాపింది. ఆమె పిల్లను ఎత్తుకుని తమ్ముడి వెంట మెట్లు దిగి వెళ్లిపోయింది. అల్లుడు వెనక నుంచి చూస్తూ నిలబడ్డాడు.

జీపులో వస్తున్నప్పుడు మా కళాజాతలో పాడే కుర్రది ఒకతె, "ఇన్నాళ్లు తిరిగినదంతా దండగేనా అక్కా?" అని ఏడ్చింది. అక్క కిటికీలోంచి చూస్తూ, "ఆమె జాగాల నేనుంటే నేను గూడ గదే చేద్దును" అంది.

కేసు కొట్టేశారు. వీపు చూసిన మిగతా ఆడవాళ్లు కూడా తమకు తెలియదనే అన్నారు. కన్నతల్లే తెలియదన్నాక వాళ్లెందుకు చెబుతారు.

కొన్నాళ్లకు హైదరాబాద్ ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. ఏడాది చివర వేసే పుస్తకానికి విజయగాథలు కావాలన్నారు. "ఆ మదర్ స్టోరీ చాలా బాగుంది, ఏమైంది, ఎండింగ్ ఏంటి?" అని అడిగారు. జరిగింది చెప్పాను. "అయితే అది వద్దులెండి, ఇంకోటి ఏదైనా పంపండి" అన్నారు. గోడల మీద నినాదాలు రాయించిన సంగతి రాసి పంపాను. ఫొటోలతో వేశారు. ఆ నినాదం ఎవరి మాటో అందులో లేదు.

తర్వాతి వానాకాలం, గోదావరి కాస్త తగ్గాక, ఆ దారిన పనుండి వెళ్లినప్పుడు నేనొక్కదాన్నే ఆమె గూడేనికి వెళ్లాను. వెళ్లాలా వద్దా అని దారంతా అనుకుంటూనే ఉన్నాను. రోడ్డు మీద ఆటో దిగి బురదలో నడిచాను. ఆమె ఇంటి ముందు ఒక కుర్రామె విస్తరాకులు ఆరేస్తోంది. నన్ను చూసి లోపలికి కేకేసింది.

ఆమె బయటికొచ్చి, "రాండ్రి మేడం" అంది.

మళ్లీ మేడం. మంచం వాల్చి, నా కాళ్లకు నీళ్లిచ్చింది. పిల్ల ఆమె కొంగు పట్టుకుని వెనకే తిరుగుతోంది. ఒళ్లు చేసింది. ఆమెతో కోయలో ఏదో గలగలా మాట్లాడుతోంది. ఆమె నవ్వింది. "ఒచ్చిన కొత్తల తెలుగే మాట్లాడేది. ఇప్పుడు మా మాటే. నన్ను అమ్మ అంటది. ఒద్దంటే ఇనదు."

కేసు సంగతి ఇద్దరం ఎత్తలేదు. విస్తరాకులు ఆరేస్తున్న కుర్రామె ఎవరని అడిగాను.

"కింది గూడెం పిల్ల. మొగడు కొడుతుంటే వచ్చింది. ఆళ్ల అవ్వ మళ్ల తోలుతనంటే నేను పోయి పట్టుకొచ్చిన. ఆళ్లు నాతోటి కొట్లాటకొచ్చిన్రు. రానియ్యి అన్న." పిల్ల తల నిమురుతూ, "మీటింగులకైతే వస్తలేను మేడం. మాటిచ్చిన" అంది, ఏదో సంజాయిషీ చెబుతున్నట్టు.

"నాకు తెలుసు పెద్దమ్మా. అందుకు రాలేదు నేను. చూద్దామని వచ్చాను."

పిల్ల నా సంచిలో చెయ్యి పెట్టి కరపత్రం ఒకటి లాగింది. దాని మీద బొమ్మ ఉంది, వీపు తిరిగి కూర్చున్న ఒక ఆడమనిషిది. "ఇది మా అమ్మనా?" అని తెలుగులో అడిగింది నన్ను. నేను ఆమె వైపు చూశాను. ఆమె పిల్ల చేతిలోంచి నెమ్మదిగా కాగితం తీసుకుని, "కాదు. మీ అమ్మ కాలువల పడ్డది గదా, చెప్పిన గదా" అంది. పిల్ల తల ఊపి కోడిపిల్లల వెంట పరిగెత్తింది.

"కోర్టుల ఏం చెప్పిన్నో దానికి గూడ గదే చెప్పాలె గదా మేడం. ఒక్కొక్కల తోటి ఒక్కొక్కటి చెప్తే యాడనో ఒకకాడ బయటపడ్తది" అంది ఆమె. నా మొహం చూడకుండా కరపత్రాన్ని మడిచి నా సంచిలోనే పెట్టింది.

ఇంతలో గూడెం మొదట్లో బండి చప్పుడైంది. విస్తరాకులు ఆరేస్తున్న కుర్రామె గంప ఎత్తుకుని ఇంటి వెనక్కి వెళ్లిపోయింది. మోటారు సైకిలు వాకిట్లో ఆగింది. దాని మీంచి దిగినవాడిని నేను కోర్టులో చూశాను. ఇక్కడ ఇంకా మామూలుగా కనిపించాడు. బక్కపలచటి మనిషి, చేతిలో బిస్కెట్ ప్యాకెట్, చెప్పులకు ఎర్రమట్టి. పిల్ల "నానా" అని అరుస్తూ పరిగెత్తి కాళ్లకు చుట్టుకుంది. వాడు ఎత్తి భుజం మీద కూర్చోబెట్టుకున్నాడు. నన్ను గుర్తుపట్టాడు. ఒక్క క్షణం ఆగి, "బాగున్నరా మేడం" అన్నాడు. నేను తల ఊపాను. ఊపానో లేదో కూడా నాకు సరిగ్గా గుర్తులేదు.

ఆమె చెంబుతో నీళ్లు తెచ్చి వాడికిచ్చింది. వాడు నోరు పుక్కిలించి, నీళ్లు తాగి, మంచం మీద నేను లేచిన చోట కూర్చున్నాడు. ఆమె పెరట్లోకి వెళ్లి కోడిని పట్టుకుంది. కాసేపటికి ఈకల వాసన, కట్టెల పొగ వచ్చాయి.

నేను పెరట్లోకి వెళ్లి ఇక బయల్దేరతానన్నాను. ఆమె మాంసం ముక్కలు కడుగుతోంది. తల ఎత్తకుండానే మెల్లగా చెప్పింది, "నెలకోపాలి వస్తడు. కోపానికొస్తే పిల్లను తీస్కపోతనంటడు. మంచిగ సూస్కోవాలె."

"అన్ని రోజులూ ఇలాగేనా పెద్దమ్మా?"

"అది పెద్దగయ్యేదాంక" అంది. ముక్కలు గిన్నెలో వేసి, చేతులు కడుక్కుని, నన్ను రోడ్డుదాకా పంపడానికి లేచింది. వద్దన్నా వినలేదు. బురదలో నా ముందు నడుస్తూ, జారే చోట నా చెయ్యి పట్టుకుంటూ తీసుకొచ్చింది. ఆటో కోసం నిలబడ్డాం. నిన్న కురిసిన వాన చెట్ల మీంచి ఇంకా రాలుతోంది.

"అన్నం తినకుంట పోతున్నవు బిడ్డా" అంది. అప్పుడు నాకు ఏడుపు ఆగలేదు. ఆమె నా భుజం మీద చెయ్యి వేసింది, తను ఏడవలేదు. దూరంగా ఆటో కనిపించగానే, "కూర మాడుతదేమో, నేను పోత" అని వెనక్కి తిరిగి గబగబా నడిచింది.